అసెంబ్లీ రికార్డు చేసే పెట్టె

భుక్తాపూర్, ఆదిలాబాద్
9 జూన్ 2008

ఫజల్ భాయ్‌కి,

నువ్వు బాగున్నావని మొన్న కరీంనగర్ నుంచి వచ్చిన ఒకాయన చెప్పాడు. నేను బాగున్నానని నీకు చెప్పే మనిషి దొరకక ఈ ఉత్తరం రాస్తున్నాను. ముప్పై నాలుగేళ్లు పోస్టాఫీసులో ఇతరుల ఉత్తరాల మీద ముద్రలు గుద్దాను. రిటైరయ్యాక సొంతంగా రాస్తున్న మొదటి ఉత్తరం ఇదే. ఏం రాయాలో సరిగా తెలియడం లేదు గానీ, స్టాంపు ఎక్కడ అంటించాలో మాత్రం గట్టిగా తెలుసు.

నాకు ఒక కంప్యూటర్ కావాలి. టీవీలో వచ్చేదాన్ని పట్టి దాచిపెట్టే కంప్యూటర్. ఇక్కడ దుకాణంలో అడిగితే, "కాకా, అసెంబుల్ చేయించుకుంటే మంచిగుంటది. ఏమేం సామాను కావాల్నో రాసుకొని రా" అన్నాడు. నాకు తెలిసిన సామాను లక్క, సీలు, సుత్తె. చొప్పదండి బడిలో లెక్కలన్నీ నీ పలక చూసి ఎక్కించుకున్నవాణ్ని. అరవై ఏళ్లొచ్చాక మళ్లీ నీ పలక వైపే తొంగి చూస్తున్నాను. కరీంనగర్లో నువ్వు విప్పని టీవీ లేదంటారు. టీవీ తెలిసినవాడికి కంప్యూటర్ ఎంత?

ఏం రికార్డు చేస్తావని అడుగుతావు. అసెంబ్లీ సమావేశాలు. రిటైరయ్యాక పౌరుడికి బాధ్యత పెరుగుతుంది.

జవాబు ఇంటికి రాయవద్దు. ముత్తయ్య, పోస్ట్‌మన్, హెడ్ పోస్టాఫీసు అని రాస్తే నాకు చేరుతుంది. ఫోనూ చేయకు. ఇంట్లో ఉన్న ఒక్క సెల్లూ నా భార్య అనసూర్య దగ్గరే ఉంటుంది. ఆమెకు ముందు తెలియకుండా తెచ్చి, ఆశ్చర్యపరుద్దామని.

నీ
సిద్దిరాములు


టవర్ సర్కిల్, కరీంనగర్
17 జూన్ 2008

సిద్దిరాములుకు ఫజలుద్దీన్ సలాములు.

నీ ఉత్తరం దుకాణంలో నలుగురి ముందు విప్పాను. ఆదిలాబాద్ నుంచి ఒక రిటైర్డ్ పోస్ట్‌మాస్టర్ నా సలహా అడుగుతున్నాడని నలుగురికీ వినపడేటట్టు చదివాను. ఆ నలుగురిలో ముగ్గురు చాయ్ తాగడానికి వచ్చినవాళ్లు, ఒకడు అడ్రసు అడగడానికి వచ్చినవాడు. అయినా ఇజ్జత్ ఇజ్జతే.

ఇక రాసుకో. ప్రాసెసర్ రెండు కోర్లది తీసుకో. టీవీ బొమ్మను అప్పటికప్పుడు కుదించి దాచడం బరువు పని, పాతకాలపు ప్రాసెసర్ అయితే మధ్యలో ఆయాసపడుతుంది. దానికి సరిపోయే మదర్‌బోర్డు దుకాణంవాడే ఇస్తాడు. ర్యామ్ ఒక జీబీ చాలు. ఎస్‌ఎంపీఎస్ అని లోపల కరెంటు పంచే డబ్బా ఉంటుంది, అందరూ అక్కడ కక్కుర్తి పడతారు, నువ్వు పడకు. మీ ఆదిలాబాద్ కరెంటు సంగతి నాకు తెలుసు కాబట్టి యూపీఎస్ తప్పనిసరి. హార్డ్ డిస్క్ ఎంతది కావాలో మాత్రం నువ్వే చెప్పాలి. గంట రికార్డింగుకు రెండు జీబీలు పోతాయి. రోజుకు ఎన్ని గంటలు పట్టుకుంటావు?

అన్నిటికంటే ముఖ్యం టీవీ ట్యూనర్ కార్డు. కేబుల్ వైరు వచ్చి దూరేది దాంట్లోకే. దాని గురించి ఫికర్ చేయకు, నా దగ్గర ఒక మంచి సరుకు ఉంది, ఈ ఉత్తరంతో పాటే పార్సిల్ చేస్తున్నాను. నా తరఫున కానుక అనుకో.

చూశావుగా, టీవీ తెలిసినవాడికి కంప్యూటర్ ఎంత?

ఫజల్


ఆదిలాబాద్
30 జూన్ 2008

ఫజల్ భాయ్,

నువ్వు చెప్పినట్టే అన్నీ కొన్నాను. దుకాణంవాడు నీ జాబితా చూసి, "ఎవరు రాసిన్రో గని, తెలిసినోళ్లు రాసిన్రు" అన్నాడు. నేనే రాసినట్టు తల ఊపాను.

పెట్టెను ఆటోలో ఒళ్లో పెట్టుకొని తెచ్చాను. అనసూర్య తలుపు తీసింది. నన్ను చూసింది, పెట్టెను చూసింది, గోడ వైపు తిరిగి "చెప్పులు బయట ఇడిస్తె ఇల్లు మంచిగుంటది" అని లోపలికి పోయింది. ఆశ్చర్యపడిందో లేదో గోడనే అడగాలి.

ఆ తర్వాత నాలుగు రోజులుగా నీ కార్డు ముందు కూర్చున్నాను. కేబుల్ వైరు దూర్చాను, తీశాను, ఊది మళ్లీ దూర్చాను. తెర నిండా నలుపు, మధ్యలో 'సిగ్నల్ లేదు' అని ఒక ముక్క. దుకాణంవాణ్ని పిలిచి చూపిస్తే, నువ్వు పంపిన కార్డు అనేసరికి వాడు కూడా గౌరవంగా తల గోక్కొని వెళ్లిపోయాడు. నా అదృష్టం చూడు. జీవితమంతా చేరవలసినవి చేర్చే ఉద్యోగం చేశాను, నా ఇంటికి ఒక సిగ్నల్ చేరడం లేదు.

నువ్వు అడిగిన గంటల సంగతి. రోజూ పొద్దున పది నుంచి సాయంత్రం ఎనిమిది దాకా పట్టాలి. హార్డ్ డిస్క్ నూట అరవై జీబీలది తీసుకున్నాను. ఛానెల్ ఒక్కటే, మా ఊరి కేబుల్ ఛానెల్. తొందరగా ఉపాయం చెప్పు.

సిద్దిరాములు


కరీంనగర్
7 జూలై 2008

సిద్దిరాములూ,

నీ ఉత్తరంలో ఒక అబద్ధం దొరికింది. నా ఉత్తరంలో రెండున్నాయి. ముందు నావి చెబుతాను, అప్పుడు నీది అడిగే ముఖం వస్తుంది.

మొదటిది. ఆ జాబితా నాది కాదు. నా జన్మలో నేను ఒక్క కంప్యూటర్ కూడా విప్పలేదు. రాసింది మా అమ్మాయి నౌషీన్. హైదరాబాద్‌లో ఎంసీఏ చదివి, ఏడాదిగా ఇంట్లో ఉంటోంది. దుకాణంలో ఒక టేబుల్ వేసుకొని కంప్యూటర్లు బిగిస్తానని ఏడాదిగా అడుగుతోంది. దుకాణంలో ఆడపిల్ల ఎందుకు, గిరాకీ ఏమనుకుంటుంది అని నేను ఏడాదిగా అంటున్నాను. నిజానికి పోయిన నెల రిపేరుకు వచ్చిన టీవీలు మూడు. అందులో ఒకటి మా ఇంటిదే. ఏ గిరాకీ ఏమనుకుంటుందని భయపడ్డానో నాకే తెలియదు.

రెండోది. ఆమె రాసిన కాగితంలో ట్యూనర్ కార్డు పేరు కూడా ఉంది. అంతా ఆమె చెప్పినట్టే రాస్తే నా పెద్దరికం ఎక్కడ మిగులుతుందని, ఆ ఒక్కటి కొట్టేసి, అటక మీద నుంచి నాకు తోచింది తీసి పంపాను. నిన్న నీ ఉత్తరం ఆమె చేతిలో పడింది.

"అబ్బాజాన్, మీరు పంపింది డిష్ కార్డు. చాచా ఇంట్ల ఉన్నది కేబుల్. జన్మంత కూసున్నా సిగ్నల్ రాదు. గీ అకల్, గీ తెలివి ఎవరిచ్చిన్రు?"

"నేనే" అన్నాను.

నాలుగు రోజులు నువ్వు ఊదిన ఊపిరికి నన్ను మాఫ్ చేయి.

ఇప్పుడు నీ సంగతి. అసెంబ్లీ రోజుకు పది గంటలు కూర్చోదు. కూర్చున్నా మీ ఊరి కేబుల్ ఛానెల్‌లో రాదు. ఆ ఛానెల్‌లో ఏమొస్తుందో నాకు తెలుసు, మా దగ్గరా అలాంటిదే ఒకటుంది. చీరల దుకాణం ప్రకటనలు, ఎవరిదో పుట్టినరోజు. దానికోసం ఇంత సామాను కొన్నావా? పైగా అనసూర్య చెల్లె గోడతో ఎందుకు మాట్లాడుతోంది? నిజం రాస్తేనే అసలు కార్డు పంపుతాను. ఇది నా మాట కాదు, నౌషీన్ షరతు.

ఫజల్


ఆదిలాబాద్
15 జూలై 2008

ఫజల్ భాయ్,

బిడ్డ షరతు పెట్టింది కాబట్టి రాస్తున్నాను. నువ్వు పెట్టి ఉంటే ఇంకో అబద్ధం వెతుక్కునేవాణ్ని.

ఏప్రిల్‌లో మా కేబుల్ ఓంప్రకాశ్ మధ్యాహ్నం పూట ఆడవాళ్ల పాటల కార్యక్రమం మొదలుపెట్టాడు. అనసూర్యను పిలిచాడు. పెద్దపల్లి దగ్గర కలుపు తీస్తూ వాళ్లమ్మ శంకరవ్వ పాడిన పాటలు ఆమెకు చాలా వచ్చు. ముప్పై ఐదేళ్లుగా బట్టలు ఉతుకుతూ పాడుకుంటుంది, నేను వినీ విననట్టుంటాను. కార్యక్రమానికి ముందు రెండు రోజులు అద్దం దగ్గరే ఉంది. పోయేటప్పుడు "మూడు గంటలకు వస్తది. సూస్తవా?" అంది. "సూడక ఏడికి పోత" అన్నాను.

ముత్తయ్య ఇంటికి పోయాను. క్యారమ్స్ ఆడుతున్నారు. మూడుకు పది నిమిషాలు తక్కువ ఉన్నప్పుడు లేచాను కూడా. "ఒక్క బోర్డు ఆడిపో సార్" అన్నాడు. ఆ బోర్డు గెలిచాను. నాలుగున్నరకు ఇంటికి వచ్చాను.

ఆమె నా తర్వాత వచ్చింది. చెప్పులు విడవకుండానే "ఎట్లున్నది?" అని అడిగింది. ఎప్పుడూ అలా అడగని మనిషి. నేను చీర రంగు జోలికి పోలేదు, పాట పేరు ఎత్తలేదు, ఎక్కడా దొరకకుండా ఎంతో జాగ్రత్తగా అన్నాను. "శాన మంచిగున్నది. ఒక్క తప్పు లేదు."

నా ముఖం వైపు చాలాసేపు చూసింది. లోపలికి పోయింది. అప్పటినుంచి నాతో మాట్లాడదు. అన్నం పెడుతుంది, మందులు ఇస్తుంది. చెప్పవలసినవి గోడకో, క్యాలెండర్‌కో చెబుతుంది. ఎలా పట్టుకుందో ఇప్పటికీ నాకు తెలియదు. ఆ కార్యక్రమం చూస్తే తెలుస్తుంది.

ఓంప్రకాశ్ దగ్గరికి పోయి ఊరికే అడిగినట్టు అడిగాను. "కాకా, సీడీలు బస్తాలల్ల ఉన్నయ్. పగటీలి ఏది చేతికొస్తె గది పెడుత. అనసూర్య కాకిది గూడ ఎప్పుడో వస్తది, సూస్తుండు" అన్నాడు. వెతికి ఇవ్వమంటే ఎందుకో చెప్పాలి, చెబితే సాయంత్రానికి బస్టాండ్ దాకా తెలుస్తుంది. పోనీ నేనే టీవీ ముందు కూర్చుందామంటే భోజనమయ్యాక నాకు కన్ను మూతపడుతుంది. కంప్యూటర్‌కు నిద్ర రాదని విన్నాను.

అదీ సంగతి. భార్య పాటను ఒక అరగంట చూడనందుకు రోజుకు పది గంటలు చూడబోతున్నాను.

సిద్దిరాములు


కరీంనగర్
22 జూలై 2008

సిద్దిరాములూ,

సరైన కార్డు బస్సు పార్సిల్‌లో వేశాము. ఇది నౌషీన్ స్వయంగా మన దుకాణంలో వేరే కంప్యూటర్‌లో పెట్టి చూసింది. నేను పక్కన నిలబడి టార్చి పట్టుకున్నాను.

నీ ఉత్తరం చదివి ఆమె ఒకటే అడిగింది. "చూడలేదని పోయి చెప్తె ఐపోతది గదా అబ్బా. దానికి గీ మెషీన్ ఎందుకు?"

"బిడ్డా, మీ చాచా అట్ల చెప్పే మనిషే ఐతే మనకు గీ పని వచ్చేదా?" అన్నాను.

ఇంకో మాట రాయమంది. కరెంటు పోతే యూపీఎస్ మీద అన్నీ కలిసి పది నిమిషాలు కూడా రావు. తెరను ఆర్పేయి. పెట్టె ఒక్కటే అయితే ఇరవై నిమిషాల దాకా లాగుతుంది, రికార్డింగు ఆగదు. బొమ్మ కనపడదు, అంతే.

నా పాత టీవీ డొక్కులు తీయించి గోడ పక్కన ఆమెకు టేబుల్ వేయించాను. వేసిన రోజే ఒకామె కంప్యూటర్ పట్టుకొచ్చి, నన్ను దాటుకొని నేరుగా నౌషీన్ దగ్గరికి పోయింది. నేను స్క్రూడ్రైవర్ తుడుచుకుంటూ కూర్చున్నాను.

ఫజల్


ఆదిలాబాద్
23 ఆగస్టు 2008

ఫజల్ భాయ్, నౌషీన్ బిడ్డా,

ఈ ఉత్తరం ఇద్దరికీ.

నెల రోజులుగా పెట్టె పనిచేస్తోంది. వారానికోసారి డిస్కు నిండుతుంది, చూసి చెరిపేయాలి. ఆదిలాబాద్‌లో ఈ నెలలో పుట్టినరోజు చేసుకున్న పిల్లలందరి పేర్లూ నాకు వచ్చు. ఎవరో కుటుంబం కొండగట్టుకు పోయివచ్చిన వీడియో మూడుసార్లు చూశాను, వాళ్ల మేనత్త మెట్ల మీద ఎక్కడ కూర్చుంటుందో కూడా చెప్పగలను. అనసూర్య పాట రాలేదు.

మంగళవారం మధ్యాహ్నం బయట ముసురు. నేను తెర ముందు కునుకుతున్నాను. కార్యక్రమం నడిపే మమతారాణి గొంతు వినపడి కళ్లు తెరిచేసరికి, "ఈరోజు మన పాట అనసూర్యమ్మతోని" అంటోంది. అదే క్షణంలో మా వీధికి కరెంటు పోయింది. యూపీఎస్ కీచుమంది. బిడ్డ చెప్పింది గుర్తొచ్చి టక్కున తెర ఆర్పేశాను. నాలుగు నెలలు దేనికోసం వెతికానో అది మొదలైంది, నేను నల్లటి గాజు ముందు చేతులు కట్టుకొని కూర్చున్నాను.

స్పీకర్లలో పాట మాత్రం వస్తోంది. బాగా పాడుతోంది ఫజల్. ముప్పై ఐదేళ్లుగా వినీ విననట్టున్న పాట, బొమ్మ లేకపోవడం వల్లనేమో, మొదటిసారి పూర్తిగా విన్నాను. రెండు చరణాలు అయ్యాయి. వెనక అలికిడైతే చూశాను. తన గొంతు తనకే వినపడి అనసూర్య గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడింది, చేతికి పిండి ఉంది.

ఉన్నట్టుండి పాట ఆగిపోయింది. ఏ చప్పుడూ లేదు. నా నోటికి వచ్చింది అన్నాను.

"బ్యాటరీ ఐపోయినట్టుంది."

"బ్యాటరీ కాదు" అంది. నాలుగు నెలల తర్వాత గోడతో కాకుండా నాతో అన్న మొదటి మాట అది. "నేనే ఆగిన. మూడో చరణం యాదికి రాలే. గంతసేపు నోరు తెరుసుకొని గట్లనే నిలవడ్డ."

నాకు అప్పుడు అర్థమైంది. ఇంటికి వచ్చి ఎట్లున్నదని అడిగింది అందుకే. ఊరంతా చూస్తుండగా మరిచిపోయి నిలబడి, ఆ సిగ్గుతో చెప్పులు కూడా విడవకుండా అడిగింది. నేను ఒక్క తప్పు లేదన్నాను.

"నేను సూడలే" అన్నాను. "ముత్తయ్య ఇంట్ల క్యారమ్స్ ఆడిన."

"ఎరుకే. దేవవ్వ గా దినమే చెప్పింది."

దేవవ్వ ముత్తయ్య భార్య. నా ఉత్తరాలు దాచడానికి నేను ఎంచుకున్న ఇల్లు అది.

"మరి అడగకపోతివి?"

"నువ్వే చెప్తవేమో అని సూసిన" అంది.

స్పీకర్లలో మమతారాణి ఏదో సర్దిచెప్పింది, పాట మళ్లీ నాలుగో చరణం నుంచి అందుకుంది. గుమ్మంలో ఉన్న అనసూర్య "తెర పెట్టు" అంది. పెడితే యూపీఎస్ తొందరగా పోతుందన్నాను. "పోతె పోనీ" అంది.

పెట్టాను. నా పక్కన ఉన్న స్టూలు మీద కూర్చుంది. రెండు నిమిషాలు చూశాం. యూపీఎస్ పొడుగ్గా ఒక కూత వేసి చచ్చింది, గదిలో ముసురు చప్పుడు తప్ప ఏమీ మిగలలేదు.

"నా మొఖం గంత గుండ్రంగ ఉంటదా?" అని అడిగింది.

అబద్ధం నాలుక చివర తయారుగా ఉంది, అలవాటు కదా. మింగేశాను.

"ఉంటది" అన్నాను.

పిండి చేతులతోనే నా వీపు మీద ఒకటి చరిచింది. తర్వాత నాలుగు నెలల మాటలూ వరుసగా మొదలుపెట్టింది. పప్పులో ఉప్పు ఎక్కువైన రోజు దగ్గర్నుంచి ఒక్కటీ వదలలేదు. వింటూ కూర్చున్నాను, కునుకు రాలేదు.

కరెంటు వచ్చాక చూస్తే ఆ రికార్డింగు ఫైలు తెరుచుకోవడం లేదు. బిడ్డా, దీనికి ఉపాయం ఉందా?

సిద్దిరాములు


కరీంనగర్
1 సెప్టెంబర్ 2008

సిద్దిరాములూ,

మధ్యలో కరెంటు పోయి తెగిన ఫైలును బాగుచేయవచ్చని నౌషీన్ అంటోంది. నేను కూడా అవునన్నాను, ఎలాగో అడగవద్దు. ఎలా పంపాలో రెండో కాగితం మీద ఆమె రాసింది.

బోర్డు మీద 'టీవీ వర్క్స్' పక్కన 'కంప్యూటర్' అని రాయించింది. 'ఫజల్' అన్న మాట ముందు అలాగే ఉంచింది, దయగల పిల్ల.

అనసూర్య చెల్లెకు నా సలాములు. నా ముఖం కూడా గుండ్రమే అని చెప్పు.

ఫజల్


ఆదిలాబాద్
10 అక్టోబర్ 2008

ఫజల్ భాయ్,

బతుకమ్మ రోజుల్లో ఓంప్రకాశ్ మళ్లీ పిలిచాడు. ఈసారి లైవు. అనసూర్య వారం ముందు నుంచీ మూడో చరణం మీదే ఉంది. స్టూడియోకు తోడు రానా అంటే, "నువ్వొస్తె నేను నిన్నే సూసుకుంట నిలవడుత. ఇంట్లనే కూసొని సూడు. తప్పు వోతె తప్పు వోయిందని చెప్పు" అంది.

అరగంట ముందే కూర్చున్నాను. నిద్ర రాకూడదని అన్నం తినలేదు. మీకు ఆ ఛానెల్ రాదు కాబట్టి రికార్డింగు పెట్టాను, సీడీ ఈ ఉత్తరంతో పంపుతున్నాను. ఒక చేతిలో కవరు, ఒక చేతిలో పెన్ను. చూసిందంతా చూసినట్టు కవరు వెనక రాసుకున్నాను.

వచ్చింది. "ఎట్లున్నది?" అంది.

చదివి వినిపించాను. మూడో చరణం వచ్చినప్పుడు నా గుండె ఆగింది, ఆమె ఆగలేదు. రెండో చరణం తొందరపడింది. గాజులు మైకుకు తాకాయి. చివరలో ఒకసారి ముక్కు గోక్కుంది.

తొందరపడ్డది నిజమే అంది. గాజులూ ఒప్పుకుంది. ముక్కు మాత్రం గోకలేదట. ఊరంతా చూస్తుంటే ముక్కు గోక్కునే మనిషిలా కనిపిస్తున్నానా అంది. అన్నం ఉడికేదాకా వాదించింది, తినేటప్పుడూ వాదించింది. పక్క గదిలో పెట్టె నిండా సాక్ష్యం ఉంది. పెట్టి చూపిద్దామా అన్న మాట రెండుసార్లు పెదవుల దాకా వచ్చింది. పెడితే రెండు నిమిషాల్లో తేలిపోతుంది, తేలిపోయాక ఏం మాట్లాడుకుంటాం? పెట్టలేదు. అలాగని నేనూ వెనక్కి తగ్గలేదు. చూసినవాణ్ని, ఎందుకు తగ్గాలి?

ఉంటాను. వంటింట్లోంచి పిలుస్తోంది, గోకలేదనడానికి ఇంకో కారణం దొరికిందట.

సిద్దిరాములు